పాట చివరి దగ్గు

నిన్న బీదర్‌లో మా అత్త ఇంట్లో కూర్చుని, ఒక విదేశీ రాక్ బ్యాండు పాత టీవీ కచేరీలను ఫోనులో వరుసగా చూశాను. మొదటి పాట ముగిసి జనం చప్పట్లు కొట్టగానే, నాకు తెలియకుండానే ఒక దగ్గు కోసం ఎదురుచూశాను.

చిన్నప్పుడు సెలవులకు మా ఊరు సంతపూర్ నుంచి ఇక్కడికి వస్తే, మామ ఈ పాటలనే క్యాసెట్లలో వినిపించేవాడు. ఈ బ్యాండు టీవీలో కనిపించినప్పుడల్లా, టేప్‌రికార్డరును టీవీ ముందు పెట్టి ఏళ్ల తరబడి రికార్డు చేసుకున్నవి. రికార్డింగు అయ్యేదాకా అత్త కుక్కర్ కూడా పెట్టకూడదు.

ప్రతి పాట చివర, చప్పట్లలో, ఎవరో దగ్గేవారు. పాటగాడే అనుకున్నాను. తొలి క్యాసెట్లో గొంతు సవరించుకున్నట్టుండేది. తర్వాతి వాటిలో చప్పట్లు ఆగినా ఆగేది కాదు.

"మామా, ఈయనకు దగ్గు ముదురుతాంది. దవాఖానకు పోడా?"

మామ నవ్వాడు. "పోతడు తియ్, కోడలా. ఇంకొక్క కచేరీ కానియ్."

అత్త నవ్వలేదు.

మరుసటి సెలవులకు మామ లేడు. రికార్డింగు చెడిపోకుండా ఆయన చప్పట్ల దాకా దగ్గు ఆపుకునేవాడని అత్త చెబితే తెలిసింది.

ఫోనులో ఆ పాటగాడు జుట్టు నెరిసినా నిక్షేపంగా పాడుతున్నాడు. ఏ ఏడాది కచేరీలోనూ దగ్గు లేదు. పాట ముగిసింది. చప్పట్లు మోగాయి.

వంటింట్లోంచి అత్త అడిగింది: "అయిపోయిందా? ఇగ కుక్కర్ పెట్టాల్నా?"