చాచా బీడీ డబ్బీ

మొన్న మల్దకల్ నుంచి గద్వాలకు వస్తుంటే, చేలల్లో వరి కొయ్యకాళ్లు తగలబెట్టిన పొగ రోడ్డంతా కమ్ముకుంది. బస్సులో అందరూ కిటికీలు మూసుకుంటూ ఎవరినో తిట్టారు. ఆ వాసన తగిలితే నాకొక రేకు డబ్బీ గుర్తొస్తుంది.

వడ్డేపల్లి దగ్గర మా పెదనాయన చేను కౌలుకు చేసిన చాచాది ఆ డబ్బీ. కాల్చిన బీడీని తడిమట్టిలో అదిమి, పీకను అందులో వేసి జేబులో పెట్టుకునేవాడు. పారేస్తే గొర్రెలు తింటాయని ఆయన బెంగ. కోతలయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టకుండా నీళ్లు కట్టి దున్నేవాడు. "అండ్ల అత్తరున్నదా చాచా, గట్ల దాస్తవ్?" అని ఎగతాళి చేసేవాణ్ణి. "భూమికి నోరు లేదు బేటా. ఉంటే ముందుగాల నిన్నే తిడుతుండె," అనేవాడు.

పక్క చేను మాది. పదేళ్ల కింద ఒక ఎండాకాలం దున్నే ఓపిక లేక నేను కొయ్యకాళ్లు అంటించాను. గాలి తిరిగింది. మంట గట్టు మీదున్న పెదనాయన గడ్డివాము వైపు పాకింది. వాము నీడన బర్రె కట్టేసి ఉంది. అది పలుపు గుంజుకుంటూ అరుస్తోంది. చాచా పొగలో దూరి, కొడవలితో పలుపు కోసి బర్రెను తరిమాడు. వాము నిలువునా కాలిపోయింది.

జనం గుమిగూడారు. "బీడీ ఏడ పారేసినవ్? నా వాముతోటి పోరగాని చేను గూడ కాల్చితివి," అని పెదనాయన చాచా మీదికి పోయాడు. చాచా డబ్బీ మూత తీశాడు. "నా పీకలు గిండ్లనే ఉన్నయి." ఎవరూ వంగి చూడలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. వానలకు ముందే కౌలు ఇంకొకరికి పోయింది. చాచా నాగర్‌కర్నూల్‌లో కొడుకు పండ్ల బండి దగ్గరికి చేరాడు.

గద్వాలలో దిగి, ఇంటికి పోకుండా నాగర్‌కర్నూల్ దారి పట్టాను. చాచా మామిడిపండ్లు తుడుస్తున్నాడు.

"ఆ అగ్గి నేనే పెట్టిన చాచా."

ఆయన చెయ్యి ఆగలేదు. "తెలుసు. చాయ్ కాసుకుంట అని అగ్గిపెట్టె నా దగ్గర్నే గదా తీసుకపోయినవ్."

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్తవని చూసిన."

పెదనాయనకు అక్కడి నుంచే ఫోన్ చేసి, చాచా వింటుండగా అంతా చెప్పాను. మళ్లీ ఆ చేను కౌలుకు ఇప్పిస్తానని చాచాతో అన్నాను. చాచా మోకాళ్లు నిమురుకుంటూ నవ్వాడు. "జర ముందు రావల్సుండె బేటా."

కాలిన వాము మరుసటి కోతకే మళ్లీ లేచింది. ఒక మనిషి దున్నగలిగిన ఏళ్లు అలా లేవవు.