వెండెబోర్న్ గారి జేజేలు

వెండెబోర్న్ గారికి వేళాపాళా లేకుండా జర్మనీ చక్రవర్తి కైజరుకు జేజేలు కొట్టే జబ్బు ఉంది. కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచి "కైజరు గారికి జై" అంటారు. ఇక ఎవరెంత పనిలో ఉన్నా లేచి మూడుసార్లు జై కొట్టాల్సిందే. లేవనివాడి పేరు పోలీసులకు చేరుతుంది మరి.

ఒకసారి మంగలి దుకాణంలో మొహం నిండా సబ్బు నురగతో లేచారు. పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటూ కబుర్లు చెబుతున్న చెప్పులు కుట్టే రూప్‌కే కూడా గబుక్కున లేవబోయాడు. చెవి దక్కడం అతని అదృష్టం.

మందులకొట్టు నడుపుకునే ఈ పెద్దమనిషే ఆ ఊరి పార్లమెంటు సభ్యుడు. ఆయన్ని చూస్తే జీనులు కుట్టే ఎమిల్‌కు ఒళ్లు మండేది. ఎమిల్ సోషలిస్టు. ఈసారి ఎన్నికల్లో ఆయన మీదే పోటీకి దిగాడు.

"సైన్యం ఖర్చు వద్దని మీరంతా ఓటేస్తే ఏమైందండీ? ఛాన్సలర్ కుర్చీ కదల్లేదు. కైజరు మీ సభనే రద్దుచేసి పారేశాడు. ఆయనకా జేజేలు?" అని నిలదీశాడు.

"మనం కాదంటే దిగిపోయే ఛాన్సలర్ ఈ దేశంలో ఇంకా పుట్టలేదు నాయనా. నీ హయాంలోనైనా పుడతాడేమో చూడు," అని ఆయన ముక్కు చీదుకున్నారు.

అభ్యర్థులిద్దరి సభనూ ఒకే బీరుశాలలో పెట్టారు. వేదిక మీద మామూలుగానే పోలీసు క్నోప్ కూర్చున్నాడు, ఇనుప టోపీ బల్లమీద పెట్టుకుని. ఆ టోపీ నెత్తికెక్కిందంటే సభ రద్దయినట్టే. కైజరును తూలనాడినవాడికి నెలల తరబడి జైలు.

"నోరు అదుపులో పెట్టుకో. నాకు నొప్పులొచ్చే వేళకి నువ్వు జైల్లో ఉంటే ఊరుకోను," అని ఎమిల్ భార్య మిన్నా పొద్దుటే చెప్పింది.

ఎమిల్ బాగానే మొదలుపెట్టాడు. చప్పట్లు పడేసరికి ఒళ్లు తెలియలేదు. "ఛాన్సలర్‌ని అని ఏం లాభం, వాడు బంట్రోతు. అసలు మన కైజరు ఉన్నాడే, వాడొక..."

క్నోప్ చెయ్యి టోపీ మీద పడింది.

"కైజరు గారికి జై," అని కప్పు ఎగిరేలా అరిచారు వెండెబోర్న్. క్నోప్ ఉలిక్కిపడి లేచి, చేతులు లాగుకు అంటించి బిగుసుకుపోయాడు. హాలంతా లేచింది. ఆయన మూడుతో ఆగలేదు. మహారాణి గారికి, పిల్లలకి, గుర్రాలకి కూడా కొట్టించారు. గుర్రాల దగ్గరికొచ్చేసరికి జనం పొట్టలు పట్టుకున్నారు. ఎమిల్ కోపం కూడా చల్లారిపోయింది.

"వాడొక... అన్నాడే, తర్వాతేంటి?" అని క్నోప్ పెన్సిల్ తీశాడు.

"మహానుభావుడు. మీరూ జై కొట్టారు కదా, రాసుకోండి," అన్నారు వెండెబోర్న్.

క్నోప్ పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. ఎమిల్‌కు మంగలి దుకాణం గుర్తొచ్చింది. ఆ రోజు తనూ అక్కడే ఉన్నాడు. రూప్‌కే కైజరు మీసాల మీద ఏదో అనబోతుండగానే ఆయన లేచారు.

వీధిలో పరుగున వెళ్లి ఆయన్ని అందుకున్నాడు. "నన్ను కాపాడారండీ."

"నిన్నా? నువ్వు జైల్లో కూర్చుంటే ఊరంతా జాలిపడి నీకే ఓటేస్తుంది. నేనంత వెర్రివాణ్ణా?" అన్నారు వెండెబోర్న్. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగారు. "ఇంకా నిలబడ్డావేం? మంత్రసాని మీ ఇంటికెళ్లి గంటయింది. పద, పద."