రెండు వందల పదమూడు గుమ్మాలు

మా బావమరిది ఒకసారి టెలిఫోను స్తంభం ఎక్కి, తీగకి చెవి ఆనించి, మూడో వీధిలో ఎవరి వంటింట్లోనో పాలు పొంగిపోతున్నాయని కిందికి కేకేశాడట. ఈ కథ పుట్టించింది నేనే. ఇరవై ఏళ్ళ తరవాత సెలూనతను అదే కథని నా గడ్డానికి నురుగు రాస్తూ నాకే చెప్పాడు, తను స్తంభం కింద నిలబడి విన్నట్టు. ఈ సంగతి మా బావమరిదికి చెబితే, "ఆ వీధిలో స్తంభమే లేదు కదా బావా" అన్నాడు.

అతను లైన్‌మన్. ఇరవై ఆరేళ్ళు రాగి తీగలు లాగాడు, అతికాడు, వాన పడిన ప్రతిసారీ మళ్ళీ అతికాడు. ఊళ్ళో అందరికీ హలో బాబాయి. ఫోను బాగుచేశాక రిసీవరు ఎత్తి, అవతల ఎవరూ లేకపోయినా "హలో" అని ఒకసారి అనిగాని పెట్టేవాడు కాదు. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాటుతూ ఇంకో మాట చెప్పేవాడు.

"కరెంటు పోయినా ఫోను పోదండి. భయం లేదు."

అది నిజమే. రాగి తీగలో మాటతో పాటు ఫోనుకి కావలసిన పిసరంత కరెంటు కూడా ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. అక్కడ ఒక గది నిండా బ్యాటరీలుండేవి. ఊరంతా చీకటైపోయినా ఫోను మాత్రం మోగేది.

తరవాత ఫైబర్ వచ్చింది. కొత్త కంపెనీవాళ్ళు వీధులన్నీ తవ్వి నల్లటి కేబుళ్ళు వేశారు. పాత లైన్‌మన్లు తొమ్మిది మందికి నేర్పిస్తే పరీక్షలో ఇద్దరే నెగ్గారు. ఒకడు మా బావమరిది. యాభై నాలుగేళ్ళ వయసులో, వెంట్రుకంత గాజు పోగుని ఒలిచి, తుడిచి, కొస నిటారుగా కోసి, మిషన్లో పెట్టి చిన్న మెరుపుతో అతికించడం నేర్చుకున్నాడు. నేర్పించిన అమ్మాయి పాఠాలన్నీ నోటుపుస్తకంలో గుండ్రంగా రాసుకున్నాడు. అందులో పన్నెండో పేజీలో ఉంది: గాజులో వెలుగే వస్తుంది, కరెంటు రాదు, ఇంట్లో కరెంటు పోతే ఫోను తగిలించే పెట్టె ఆగిపోతుంది, ఫోనూ ఆగిపోతుంది. ఆ ప్రశ్నకి పూర్తి మార్కులు కూడా వచ్చాయి. ఆ పుస్తకం నేను చూశాను.

మా ఇంటికి కనెక్షన్ ఇచ్చిన రోజు మా ఆవిడ, అంటే అతని అక్క, చీపురు పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఒరే, ఆ గాజు ముక్కలు నేలమీద రాల్చకు. కాల్లో దిగితే కంటికి కూడా కనపడవట."

"ఆరు కోశానక్కా, ఆరూ టేపుకి అంటించాను. కావాలంటే లెక్కపెట్టుకో."

"ఏమోయ్," అన్నాను నేను, "ఇంత సన్నటి దాంట్లో నా గొంతు పడుతుందా?"

"గొంతు పడుతుంది బావా. నీ కోతలకి మాత్రం ఇంకో కేబుల్ వేయాలి."

పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. పాత ఫోనునే దానికి తగిలించాడు. రిసీవరు ఎత్తి "హలో" అన్నాడు. సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ, "కరెంటు పోయినా ఫోను పోదు. భయం లేదు" అన్నాడు.

"పాతికేళ్ళ నుంచీ చెప్తున్నావు, నాకు తెలీదూ?" అంది వాళ్ళక్క.

చేతులు కొత్త పని నేర్చుకున్నాయి. నోరు పాత ఉద్యోగంలోనే ఉండిపోయింది. పదకొండు నెలల్లో రెండు వందల పదమూడు ఇళ్ళకీ కొట్లకీ ఫైబర్ ఇచ్చాడు. రెండు వందల పదమూడు గుమ్మాల్లోనూ ఆ మాటే చెప్పాడు.

కొత్త కళ్ళజోడు తెచ్చుకుందామని ఒకరోజు నేను పక్క ఊరు వెళ్ళాను. మా ఇద్దరికీ ఒకటే సెల్లు. అది నా జేబులో ఉంది. ఇంట్లో ఫోను ఉండగా రెండోది దండగ అన్నది నేనే. లైన్ల మరమ్మతు అని తొమ్మిదింటికి కరెంటు తీశారు. తొమ్మిదిన్నరకి మా ఆవిడ పై అరలో డబ్బా కోసం ముక్కాలిపీట ఎక్కి పడింది. తుంటి ఎముక విరిగింది. వంటింట్లోంచి ముందుగదికి పద్దెనిమిది అడుగులు. తరవాత కొలిచాను. మోచేతుల మీద పాక్కుంటూ వచ్చింది. వైరు పట్టుకుని ఫోను కిందికి లాగింది. అందులో ఏమీ లేదు. ఊపింది, నొక్కింది, మళ్ళీ చెవిలో పెట్టుకుంది. కేకలు వేసింది. పక్కింటివాళ్ళు పనులకి వెళ్ళిపోయారు.

నాలుగున్నరకి నేను తలుపు తీసేసరికి ఫ్యాను తిరుగుతోంది. కరెంటు అప్పుడే వచ్చినట్టుంది. ఆమె గుండెల మీద రిసీవరులో డయల్‌టోను వినపడుతోంది. నంబరు నొక్కే ఓపిక ఆమె దగ్గర మిగల్లేదు.

ఈ భాగం నేను ఎవరికి చెప్పినా ఇంతే చెబుతాను. దీన్ని పెంచి చెప్పడం నాకు చేతకాలేదు.

తగ్గించి చెప్పడానికి మాత్రం ఒకసారి ప్రయత్నించాను. ఆసుపత్రి వరండాలోకి మా బావమరిది పని బట్టల్తోనే వచ్చాడు.

"ఎంతసేపు పడి ఉంది బావా?"

"ఎంతోసేపు కాదులే. ఒక గంట."

అతను నా మొహం చూశాడు. "తొమ్మిదికి తీశారు, నాలుగుంపావుకి ఇచ్చారు. మా ఆఫీసు బోర్డు మీద రాసి ఉంది."

అతను గదిలోకి రాలేదు. అద్దంలోంచి అక్క కాళ్ళవైపు చూసి వెళ్ళిపోయాడు. బట్టల కోసం నేను ఇంటికి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. మెయిన్ స్విచ్ ఆపేసి, రిసీవరు చెవిలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. స్విచ్ వేశాడు, పెట్టె లేచేదాకా ఆగి విన్నాడు. మళ్ళీ ఆపాడు, విన్నాడు. మూడుసార్లు. ఏడవలేదు. కొయ్యబొమ్మలా ఉన్నాడు. ఫోను జాగ్రత్తగా దాని స్థానంలో పెట్టి, నన్ను చూడనట్టే వెళ్ళిపోయాడు.

ఆ తరవాత రాలేదు. ఆపరేషన్ అయింది, తుంటిలో కడ్డీ వేశారు, మా ఆవిడ ఇంటికొచ్చింది. అతని జాడ లేదు.

"వాడేడీ?" అని రోజూ అడిగేది.

"పని ఎక్కువగా ఉందట."

"వాడి కాలు విరిగిందా, నా కాలు విరిగిందా? రావడానికేం?"

ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక ఎత్తుకు పెంచింది. అతను రాక ఆమెకి గంజి కూడా సహించలేదు. మూడో వారానికి అడగడం మానేసింది. తలుపు చప్పుడైతే మాత్రం తల తిప్పేది. నాకు అది ఇంకా కష్టంగా ఉండేది.

సంగతి సెలూనతనే చెప్పాడు. "మీ బావమరిదికి ఏమైందండీ? ఆదివారం మా ఇంటికొచ్చి, నేను తప్పు చెప్పాను, సంతకం పెట్టండి అన్నాడు."

మరుసటి ఆదివారం వెతుక్కుంటూ వెళ్ళాను. దర్జీ ఇంటి గుమ్మంలో దొరికాడు. చేతిలో నోటుపుస్తకం. నన్ను చూసి తల ఊపి, దర్జీ వైపు తిరిగాడు.

"ఈ ఫోను పెట్టినప్పుడు, కరెంటు పోయినా పనిచేస్తుందని చెప్పాను. అది తప్పు. కరెంటు పోతే ఇది పనిచేయదు. ఈ పెట్టెకి బ్యాటరీ తగిలిస్తే నాలుగు గంటలు పనిచేస్తుంది. సెల్లు ఒకటి దగ్గర పెట్టుకోండి. విన్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి."

"అదంతా సరే బాబాయ్, పైగదిలో నెట్టు రావట్లేదు. మా వాడు నా ప్రాణం తోడేస్తున్నాడు."

"అది రేపు చూస్తాను. ఈ ఫోను పెట్టినప్పుడు, కరెంటు పోయినా..."

"విన్నాను కదయ్యా!"

"నెట్టు గురించి ఆలోచిస్తూ విన్నారు. మళ్ళీ వినండి."

మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. ఎక్కడా గొంతు పెరగలేదు, తగ్గలేదు.

తరవాతి ఇల్లు రిటైరైన హెడ్మిస్ట్రెస్‌ది. ఆవిడ కళ్ళద్దాల మీదుగా చూసింది. "అప్పుడు అబద్ధం చెప్పావా, ఇప్పుడు చెప్తున్నావా?"

"అప్పుడండీ."

"మరి ఈ సంతకమెందుకు? నిన్ను నువ్వే పట్టివ్వడానికా?"

"అవునండీ."

ఆవిడ పెన్ను తీసుకుని సంతకం పెట్టి, కింద తేదీ కూడా వేసింది. "కూర్చో, మంచినీళ్ళు తాగు" అంది. అతను ఆ రోజుకి ఇంకా పదకొండు ఇళ్ళున్నాయని చెప్పి మెట్లు దిగాడు.

దార్లో నా కాన్వెంటు కథ చెప్పి అతన్ని నవ్వించడానికి చూశాను. చిన్నప్పుడు కాన్వెంటులో పాపాలు ఒప్పుకోడానికి మమ్మల్ని వరసలో నిలబెట్టేవాళ్ళు. నా దగ్గర చెప్పుకోదగ్గ పాపాలు లేక వెనకవాడివి అరువు తీసుకుని నావిగా చెప్పేవాణ్ణి. ఒకసారి హుషారులో ఓడ దోచుకున్నానని కూడా చెప్పాను.

అతను నవ్వలేదు. "ఎంతసేపు పట్టేది?" అన్నాడు.

"ఏది?"

"చెప్పడం."

"రెండు నిమిషాలు."

"నాకు మూడు పడుతోంది."

వీధి మలుపులో వాళ్ళ మేనేజరు స్కూటరు ఆపాడు. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. చెడ్డవాడు కాదు, కంగారు మనిషి.

"బాబాయ్, నిన్ను ఎవరు వెళ్ళమన్నారు? షరతుల కాగితంలో రాసే ఉంది కదా, అందరూ సంతకం పెట్టారు కదా. నువ్వొచ్చి తప్పు చెప్పామంటే ఇప్పుడు ఆఫీసుకి ఫోన్లే ఫోన్లు."

"అది చిన్న అక్షరాల్లో ఉంది బాబూ. నేను పెద్దగా చెప్పాను. వాళ్ళు నన్ను విన్నారు."

"నెలాఖరుకి నీ కాంట్రాక్టు తిరగరాయాలి. పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పను?"

"ఇంకా డెబ్బై ఆరు ఇళ్ళున్నాయని చెప్పండి."

మేనేజరు నావైపు చూశాడు. నేను నా కొత్త కళ్ళజోడు తుడుచుకున్నాను. స్కూటరు వెళ్ళిపోయింది.

ఒక గట్టు మీద కూర్చున్నప్పుడు ఆ పుస్తకం అందుకుని తిరగేశాను. వీధి తరవాత వీధి, ఇంటి తరవాత ఇల్లు, సంతకాలు. మా వీధిలో పధ్నాలుగు ఇళ్ళు. పదమూడింటికి సంతకాలున్నాయి. మా ఇంటి పక్కన ఖాళీ. మా ఇంటికి అటూ ఇటూ తలుపులు కొట్టి, మధ్యలో మా గుమ్మం దాటుకుని వెళ్ళాడన్నమాట.

"మాదో?"

"చివర్లో."

"మీ అక్క రోజూ తలుపు వైపే చూస్తోందోయ్."

"చివర్లో వస్తాను బావా." పుస్తకం తీసుకుని లేచాడు.

మా ఆవిడకి ఇదంతా చెప్పాను. ఎక్కడా కల్పించకుండా చెప్పేసరికి ఆమె నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని. తరవాత గోడవైపు తిరిగి, "రెండు వందల మంది తరవాతా నేను?" అంది.

యాభై మూడో రోజు పొద్దున పదకొండింటికి బెల్లు మోగింది. ఎప్పుడూ నేరుగా వంటింట్లోకి వచ్చే మనిషి గుమ్మం బయట చెప్పులు విప్పి, సంచి కింద పెట్టి నిలబడ్డాడు. లోపలికి తీసుకొచ్చాను. మంచానికి మూడడుగుల దూరంలో ఆగి, పుస్తకం తెరిచాడు.

"ఈ ఫోను పెట్టినప్పుడు, కరెంటు పోయినా పనిచేస్తుందని చెప్పాను. అది తప్పు..."

అన్ని ఇళ్ళల్లో చెప్పినట్టే చెప్పాడు. నాలుగు గంటల బ్యాటరీ గురించి, దగ్గర పెట్టుకోవలసిన సెల్లు గురించి కూడా. మా ఆవిడ మధ్యలో ఆపలేదు. మంచం కోడు పట్టుకుని మొత్తం వింది.

"అయిందా?"

"అయింది. ఇక్కడ సంతకం."

పెట్టింది. పుస్తకం తిరిగి ఇస్తూ చివర పట్టుకుని వదల్లేదు.

"ఒరే, నువ్వు వచ్చింది నా కోసమా, ఈ ఇంటి నంబరు కోసమా?"

చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, తప్పించుకోడానికి కాదు.

"తెలీదక్కా. ఆ రోజు నుంచీ నాకేమీ తెలియట్లేదు. అన్నం తింటున్నాను, రుచి తెలియట్లేదు. నిన్ను చూస్తే ఏడుపొస్తుందనుకున్నాను. అదీ రాలేదు."

నేను కిటికీలోంచి వీధిలోకి చూశాను. అక్కడ చూడడానికి ఏమీ లేదు.

"నాకు కోపం వచ్చింది," అంది మా ఆవిడ. "ఫోను గురించి ఒక రోజు వచ్చింది. నువ్వు రానందుకు యాభై రెండు రోజులొచ్చింది. నీకేమీ రాకపోతే మానె. కూర్చో."

కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఆమె నిద్రపోయింది, లేచింది, మందు వేసుకుంది. అతను అక్కడే ఉన్నాడు.

నెలాఖరుకి కాంట్రాక్టు తిరగరాయలేదు. ఆ కబురు అతను, బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పాడు. నేను కంపెనీని నాలుగు తిట్లు తిట్టాను.

ఇప్పుడు రోజూ పదకొండింటికి వస్తున్నాడు. బెల్లు కొట్టడు. చక్రాల వాకరు అక్క చేతికిచ్చి, వెనకే నడుస్తాడు, రెండు చేతులూ ఆమె నడుముకి బెత్తెడు దూరంలో ఉంచి. నిన్న మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా వెళ్ళారు.

"పట్టుకోరా, పడిపోతాను."

"పట్టుకుంటే నడవవు."

"ఇంత కర్కోటకుణ్ణి నేను పెంచానా? అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"రుచి తెలిసిందా?"

"లేదక్కా."

"సరే," అంది ఆమె, ఇంకో అడుగు వేస్తూ. అతను ముందుకి వంగి, దారిలో అడ్డంగా ఉన్న కుర్చీని పక్కకి జరిపాడు.