బొబ్బర్ల వేర్లు, గీజరు నీళ్ళు

నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. పెళ్ళికి ముందు మూడేళ్ళు కాలేజీలో పాఠాలు కూడా చెప్పాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంత చదివినదాన్ని ఎంత మొద్దు పని చేశానో మీకు బాగా అర్థం కావాలని.

ఈ ఎడారి దేశంలో అల్ వక్రా అనే ఊళ్ళో మేముండే విల్లాని యజమాని నాలుగు వాటాలు చేసి అద్దెకిచ్చాడు. మా గుమ్మం పక్కన రెండు మంచాలు పట్టేంత ఇసుక నేల ఉంది. దానికి టైల్స్ వేయించి కారు పెట్టుకునే జాగా చేస్తానని ఆయన, వద్దు, మొక్కలేసుకుంటానని నేను. చివరికి, "చలి మొదలయ్యేదాకా చూస్తాను. ఏమీ పండకపోతే టైల్సే" అన్నాడు. ఆ ముక్క అరబ్బీలోంచి తెలుగులోకి తెచ్చింది పక్క వాటావిడ. అక్కా అన్నట్టు ఆపా అని పిలుస్తాను. ఆవిడది నిజామాబాద్ దగ్గర పల్లె. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉంది. అరబ్బీ గడగడా మాట్లాడుతుంది, ఏ భాషలోనైనా ఆవిడ నోటికి మాత్రం హద్దు లేదు.

ఇసుకలో ఏం పండుతుందని మావారు నవ్వారు. ఇసుకలో లేనిది నేను తెస్తానన్నాను. సెలవులకి గుంటూరు వెళ్ళినప్పుడు విత్తనాల కొట్లో బొబ్బర గింజలూ, రైజోబియం పొడి పొట్లమూ కొన్నాను. రైజోబియం అంటే పప్పుజాతి మొక్కల వేర్లలో కాపురం పెట్టే బ్యాక్టీరియా. మొక్క దానికి కాస్త తీపి పెడుతుంది. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి తిండిగా మార్చి పెడుతుంది. ఇంతకన్నా మంచి సంసారం నేనెక్కడా చూడలేదని మావారితో అంటే, ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

సెప్టెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం బెల్లం నీళ్ళు కలిపి, అందులో సగం పొడి వేసి, గింజలకి పట్టించి, నీడన ఆరబెట్టి నాటాను. నెలయినా మొక్కలు జానెడు దాటలేదు. ఆకులు కామెర్లొచ్చినట్టు పాలిపోయాయి. "గుప్పెడు యూరియా పడెయ్యి, పచ్చగా కనిపిస్తే చాలుగా" అన్నారు మావారు. ఒళ్ళు మండింది నాకు. యూరియా చల్లడానికైతే ఎమ్మెస్సీ ఎందుకు? కోపం వెనకాల భయం కూడా ఉంది, దాచడం దేనికి. ఈ దేశమొచ్చిన తొమ్మిదేళ్ళలో నా చదువుతో నేను చేసిన మొదటి పని అది.

ఆపా వచ్చి ఒక మొక్క పీకి, వేర్లు దులిపి చూసింది.

"మా అబ్బాజాన్ చేన్ల బొబ్బర్లు పీకితే వేర్లకు బుడిపెలు ఉంటుండె. నీయి సాఫుగున్నయ్. ఏం జేసినవ్?"

చేసిందంతా వరసగా చెప్పాను.

"బెల్లం ఏ నల్లా నీళ్ళల్ల కలిపినవ్?"

ఆవిడ మాట పూర్తయ్యేలోపే నా బుర్ర గిర్రున తిరిగింది. ఇక్కడ వేసవంతా డాబా మీది ట్యాంకు కాగుతూనే ఉంటుంది. చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి పెట్టలేం. అందుకే గీజరు స్విచ్చి కట్టేస్తాం. ఇంట్లో ఉన్న ఆ గీజరులో నీళ్ళు చల్లబడితే, వేడినీళ్ళ కుళాయి తిప్పుకుని స్నానాలు చేస్తాం. పిల్లలకి నీళ్ళు పోసేటప్పుడు ఈ సంగతి నేనెన్నడూ మర్చిపోలేదు. గింజల దగ్గరికొచ్చేసరికి గుంటూరులో ఉన్నట్టు చన్నీళ్ళ కుళాయే తిప్పాను. పైగా బెల్లం ఇట్టే కరిగిందని మురిసిపోయాను. కోట్ల ప్రాణుల్ని చేతులారా ఉడకబెట్టాను.

"ఎంత సదివినా నల్లా సూసి తిప్పాలె బిడ్డా" అంది ఆపా. ముందు నాకు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఇద్దరం ఆ ఇసుకలోనే కూలబడి కడుపు పట్టుకుని నవ్వాం.

మిగతా సగం పొడి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన భద్రంగా ఉంది. ఈసారి గీజరు నీళ్ళు బకెట్లో పట్టి, క్లోరిన్ పోయేలా ఒక రోజంతా మూత లేకుండా ఉంచాను. పాత మొక్కలు పీకేసి ఆపా ఒక సాలు, నేనొక సాలు నాటాం.

నవంబరు చివర్లో యజమాని టైల్స్ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. మొక్కలు మోకాలెత్తున, ముదురాకుపచ్చగా ఉన్నాయి. ఆయన చప్పరించేశాడు. "ఎరువు పోస్తే ఎక్కడైనా పచ్చగానే ఉంటుంది. అది అయిపోతే ఇసుకే మిగులుతుంది. ఉత్తరాన షమాల్‌లో నా తోట అలాగే ఇసుకైపోయింది, చూడలేదా" అన్నాడట. మేస్త్రీ టేపు తీశాడు.

నాకింకేం తోచలేదు. అన్నిట్లోకీ ఏపుగా, పూత మీదున్న మొక్కని మొదలంటా పీకాను. అప్పటిదాకా వేర్లు నేనూ చూడలేదు. సాఫుగా ఉంటే నా పరువూ, నేలా రెండూ పోయేవే. ఇసుక రాలింది. వేర్ల నిండా ఆవగింజలంత, మిరియాలంత బుడిపెలు. ఒకటి గోటితో చిదిపాను. లోపల గులాబీ రంగు. ఆ రంగుందంటే లోపల నత్రజని వంట జరుగుతున్నట్టే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆపుకోలేదు కూడా.

ఎరువు పోస్తే ఈ బుడిపెలు రావని చెప్పమన్నాను. ఆపా అరబ్బీలో ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన తనే ఇంకో బుడిపె చిదిపి, ఎండకి ఎత్తి చూసుకున్నాడు. తర్వాత మేస్త్రీతో ఒక్క ముక్క అన్నాడు. టేపు లోపలికి పోయింది.

ఆ శుక్రవారం ఆయన డ్రైవరు ఒక బస్తా గొర్రెల ఎరువు దించి వెళ్ళాడు. వెనకే ఆపా ఫోనుకి ఆయన గొంతుతో మెసేజీ వచ్చింది. ఆవిడ విని, తాపీగా తెలుగులో చెప్పింది.

"ఆయన తోటల గూడ ఆ పొడి ఎయ్యాల్నట. నిన్ను వచ్చి సూపియ్యమంటుండు. నీళ్ళు మాత్రం ఏ నల్లావో సూసి పట్టమన్నడు."

ఆ చివరి మాట ఆయన అన్నదో, ఆవిడ కలిపిందో నేను అడగలేదు. షమాల్ ఎప్పుడు వెళ్దామని మాత్రం అడిగాను.