విరామంలో చూసే మనిషి

న్యూకాసిల్‌లో కోరల్ పెటిఫర్ పుట్టి మొదటి ఏడుపు ఏడ్చినప్పుడు, రేవు దాటి వెళ్లిపోతున్న బొగ్గు ఓడ ఒకటి తన కూతకు ఎవరో బదులిచ్చారనుకుని వెనక్కి తిరిగిందని పియానో వాయించే మర్వ్ ఊరంతా చెప్పేవాడు. మర్వ్ ఆమెకన్నా నాలుగేళ్లు చిన్న. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, ఓడ కెప్టెనే స్వయంగా చెప్పాడనేవాడు. గొంతు మాత్రం నిజంగా అలాంటిదే. ఆదివారం మధ్యాహ్నాలు రేవు పబ్బులో ఆమె జాజ్ పాడుతుంటే, గ్లాసు ఎత్తినవాడు తాగడం మరిచి అలాగే పట్టుకుని కూర్చునేవాడు. పబ్బు యజమానికి ఆమె మీద ఉన్న కోపం అదొక్కటే.

ఆమెకున్న రోగమల్లా ఎవర్నీ నమ్మకపోవడం. ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో మర్వ్ ఒట్టేసి చెప్పినా, వంగి అతని వేళ్లు చూసుకున్నాకే నోరు తెరిచేది. మీట్‌పైలో ఏ మాంసం ఉందో వంటవాణ్ని అడిగి, ఆ జవాబును మళ్లీ వాడి భార్య దగ్గర సరిచూసుకునేది.

కారణం ఉంది. పదిహేనో ఏట ఆమె కడుపు కోసి, అండాశయాల్లో క్యాన్సర్ మొదలైంది, తీసేశాం అన్నారు. ముప్పై దగ్గర పడ్డాక కొత్త డాక్టరొకాయన, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా, ఆమెకు అండాశయాలు ఎన్నడూ లేవనీ, కోసి తీసేసినవి వృషణాలనీ, వాటికి ఏ జబ్బూ లేదనీ చెప్పాడు. ఆడ, మగ అన్న లెక్కలో ఒక వైపుకు పూర్తిగా ఒదగని ఒంటితో పుట్టింది. అలాంటివాళ్లను ఇంటర్‌సెక్స్ అంటారు. అమ్మకు మొదట్నుంచీ తెలుసు. చెప్పొద్దన్నారట డాక్టర్లు.

ఆ వచ్చిన ఆదివారమే కోరల్ రెండు పాటల మధ్య మైకులో అదంతా చెప్పేసింది. అప్పట్నుంచి ఆసుపత్రుల సభలకు, పిలిచినా పిలవకపోయినా వెళ్లి, జబ్బు లేని పసివాళ్లను కొయ్యకండి, పెద్దయ్యాక వాళ్లనే అడగండి అని పోట్లాడేది.

ఒకసారి ఒక తల్లి కళ్లనీళ్లతో సలహా అడిగితే, కోరల్ కరిగిపోయి మనసులో ఉన్నదంతా చెప్పింది. ఆ తల్లికి పిల్లలే లేరు. పత్రిక మనిషి. పబ్బు గాయని పిల్లలకు వైద్యం మానిపిస్తోందని మొదటి పేజీలో వేశారు. ఆమె మాట వినే ఇద్దరు ముగ్గురు డాక్టర్లు కూడా దాంతో ముఖం చాటేశారు.

అందుకే ఆ చలికాలం ఉన్ని టోపీ పెట్టుకున్న ఒక పొట్టి ఆడమనిషి వచ్చి, తనకూ అలాగే పుట్టిన నెలల పాప ఉందనీ, ఒంటి తీరు సరిచేస్తామని ఆపరేషన్‌కు సంతకం అడుగుతున్నారనీ, పెట్టాలా వద్దా చెప్పమనీ అంటే, లోపల రికార్డరేమైనా ఉందేమోనని కోరల్ చూపు ముందు ఆమె చేతిసంచీ మీదికి పోయింది. పాడాలి అని చెప్పి స్టేజీ ఎక్కేసింది.

ఆ మనిషి వెళ్లలేదు. స్తంభం పక్కన నిమ్మరసం పెట్టుకుని కూర్చుంది. మర్వ్ చెమటోడ్చి సోలో ముగిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె ఉలిక్కిపడింది. కోరల్ పాడినంతసేపూ గోడకేసి చూసింది. విరామంలో కోరల్ చిప్స్ తింటూ మర్వ్‌తో గొడవపడుతుంటే మాత్రం రెప్ప వెయ్యలేదు. తర్వాతి ఆదివారమూ అంతే.

చప్పుడు కొలవడానికి వచ్చిన కౌన్సిల్ మనిషని మర్వ్ తేల్చేశాడు. డ్రమ్ములవాడు బెదిరిపోయి ఆ పూటంతా పిల్లి నడిచినట్టు వాయించాడు. ఇది మళ్లీ పత్రికే అనుకుంది కోరల్. మూడో ఆదివారం ఆ మనిషి గుమ్మంలోనే ఎదురై, సంతకానికి మంగళవారం రమ్మన్నారని చెప్పి వెళ్లి స్తంభం పక్కన కూర్చుంది. ఒకవేళ పాప నిజమైతే? ఆ ఆలోచన అడ్డుపడి కోరల్ పాటలో ఒక చరణం ఎగరగొట్టేసింది. మర్వ్ ఏమీ జరగనట్టు వెంట వచ్చేశాడు.

విరామంలో కోరల్ తిన్నగా వెళ్లి ఆ మనిషి ఎదురుగా కూర్చుంది.

"ఏ పత్రిక మీది?"

"ఏ పత్రికా కాదు."

"పాట వినరు. తింటుంటే మాత్రం నా నోట్లోకే చూస్తారు. ఏమిటి సంగతి?"

ఆమె గ్లాసు పక్కకు జరిపింది. "పాడేటప్పుడు ఎవరైనా బాగానే ఉంటారు. పాడనప్పుడు మీరెలా ఉంటారో చూద్దామని వచ్చా. ఆపరేషన్ చెయ్యకపోతే రేపు ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోరన్నారు డాక్టర్లు. మీతో చిప్స్ కోసం కొట్లాడేవాళ్లు ఉన్నారే."

"అవి నా చిప్సేనమ్మా" అన్నాడు మర్వ్ వెనకనుంచి.

"నన్నే సూటిగా అడగొచ్చుగా?" అంది కోరల్.

"అడిగితే బాగున్నాననే అంటారు. వాళ్లు చెప్పిందీ నమ్మను, మీరు చెప్పిందీ నమ్మను."

కోరల్‌కు ఆమె మీద ముచ్చటేసింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, పాపను చూపించమంది. వీధి అవతల కారులో, తండ్రి ఒళ్లో నిద్రపోతోంది. కోరల్ అద్దానికి ముక్కు ఆనించి మరీ చూసింది. పాపే.

"ఒంటేలు బాగా పోస్తోందా? నొప్పులేమైనా?"

"ఏమీ లేదు. తాగుతుంది, తంతుంది."

ఏం చెయ్యాలో కోరల్ చెప్పలేదు. తన ఒంటి మీది మచ్చ, జీవితాంతం మింగాల్సిన హార్మోన్ మాత్రలు, అమ్మతో మాటల్లేని ఏళ్లు, ఇవి చెప్పింది. పబ్బులో గడిచిన మంచి రోజుల గురించీ చెప్పింది. ఆగితే ఏమవుతుందో డాక్టర్నే అడగండి, పక్కన నేను కూర్చుంటా అంది.

మంగళవారం సర్జన్ ఈవిడెవరని అడిగితే, మా పెద్దమ్మ అని తడుముకోకుండా చెప్పింది ఆ తల్లి. ఆయన పాపను చూసి, ఆరోగ్యంగా ఉంది, చిన్న కోతే, భయపడకండి అన్నాడు.

"ఆగితే ప్రాణానికి ప్రమాదమా?" అంది తల్లి.

ప్రాణానికి కాదన్నాడాయన. పెద్దయ్యాక తనను తాను చూసుకుని బాధపడుతుందేమోనని.

"అప్పుడు ఏం కావాలో అదే చెబుతుంది లెండి" అని తల్లి పాపకు మేజోళ్లు తొడిగింది.

సర్జన్ కోరల్ వైపు చూశాడు. కోరల్ పాప దుప్పటి మడతపెట్టింది.

బయటికొచ్చాక ఆ తల్లి, ఇంకో డాక్టర్ని కూడా అడుగుతానంది. ఇంకో ఇద్దర్ని అడగమంది కోరల్.