నేను మార్చి రాసిన పేరు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక పేరు రాయవలసిన చోట మరో పేరు రాశాను. మూడుసార్లు. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదేమో. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెప్పగలిగేదాన్నయితే ఎప్పుడో చెప్పేదాన్ని.

అప్పట్లో జహీరాబాదులో కల్లులో మత్తుమందు కలిపి అమ్మేవాళ్లు. అలవాటు పడ్డవాడికి ఒక్క పూట అది దొరక్కపోతే చేతులు వణికేవి, మాట తడబడేది, కొందరికి ఫిట్స్ వచ్చేవి. పెద్దవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. పదిహేను, పదహారేళ్ల పిల్లలు కూడా ఆ స్థితికి వచ్చారన్నది మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లు దాచుకునేవారు. హైదరాబాదు నుంచి ఒక డాక్టరుగారు ప్రతి ఆదివారం వచ్చి, బడి వెనక అద్దెకు తీసుకున్న గదిలో అలాంటి పిల్లల్ని చూసేవారు. మాన్పించడం కంటే మానినవాణ్ణి నిలపడం కష్టమని ఆయన అనేవారు. మానిన పిల్లవాణ్ణి ఎవరి స్నేహం మళ్లీ అటు లాగుతోంది, ఎంతగా లాగుతోంది? దాన్ని కొలవవచ్చని ఆయన నమ్మకం.

ఆ కొలిచే పనికి నన్ను పెట్టుకున్నారు. నేను ఒక్కొక్కణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగేదాన్ని. ఈ వారం కల్లు దుకాణానికి వెళ్లావా? వెళ్తే, రమ్మని పిలిచింది ఎవరు? చెప్పింది కాగితం మీద రాసేదాన్ని. డాక్టరుగారు ఆ కాగితాలు చూసి, ఒక్కో పిల్లవాడికి ఒక్కో సున్నా చుట్టి, పిలిచినవాడి నుంచి వెళ్లినవాడి దాకా గీత గీసేవారు. ఎవరి సున్నా నుంచి ఎక్కువ గీతలు బయలుదేరితే వాణ్ణి కొన్నాళ్లు మిగతావాళ్లకు దూరంగా ఉంచమని ఇంట్లోవాళ్లకు చెప్పేవారు. ఎవరు ఎవరి పేరు చెప్పారన్నది బయటికి రాకూడదు. పిల్లలు ఆ నియమాన్ని నమ్మే నోరు విప్పేవారు.

ఆ గదికి వచ్చే పదకొండు మంది పిల్లల్లో నా తమ్ముడు శేఖర్ ఒకడు. "మీ తమ్ముడి విషయం వస్తే నేనే అడుగుతాను, సరేనా?" అన్నారు డాక్టరుగారు మొదట్లోనే. అవసరం లేదన్నాను. నా మీద నాకు అంత నమ్మకం ఉండేది.

శేఖర్ అందరినీ నవ్వించేవాడు. వాడు వాకిట్లో నుంచి పిలిస్తే ఎవరైనా చేతిలో పని వదిలి వెళ్లవలసిందే. ఆ గదికి వెళ్లడం మొదలుపెట్టిన మూడో నెలలో వాడి చేతుల వణుకు తగ్గింది. ఒక రోజు మెతుకు కింద పడకుండా అన్నం తిన్నాడు. అమ్మ పొయ్యి వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాతి ఆదివారం యాదగిరి అనే పిల్లవాడు నా ఎదుట కూర్చుని తల దించుకున్నాడు. "కోపం చేయకుండ్రి అక్కా. మీ శేఖర్ గాడే రమ్మన్నడు," అన్నాడు.

వాడు నిజమే చెబుతున్నాడని నాకు వెంటనే తెలిసింది. శేఖర్ ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేడు, తప్పు చేయడానికి కూడా. కాగితం ఖాళీగా వదిలేయవచ్చు. ఎవరూ పిలవలేదని రాయవచ్చు. అలా రాస్తే డాక్టరుగారే యాదగిరిని మళ్లీ అడుగుతారు. శేఖర్ అని రాస్తే వాణ్ణి ఆ గదికి రావద్దంటారు, అమ్మ కళ్ల ముందే వాడి చేతులు మళ్లీ వణుకుతాయి. ఇదంతా ఆలోచించి, బసవరాజు అని రాశాను.

అతని పేరే ఎందుకు? అతను నిజంగానే దుకాణం దగ్గర కనబడేవాడు కాబట్టి. బీదర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం, బజారులో బెల్లం, అల్లం అమ్మేవాళ్లు. ఆ పిల్లల్లో అందరికంటే ముందు మానినవాడు అతనే. ఎవరైనా మళ్లీ వెళ్లారని తెలిస్తే తనూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చునేవాడు. తాగేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. ఉడికించిన శనగలు, మా వైపు గుడాలంటాం, కొని వాళ్ల ముందు పెట్టి, తినేదాకా కబుర్లు చెప్పి, వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. శేఖర్‌ను ఎన్నిసార్లు తెచ్చాడో. మా కాగితంలో పిలిచింది ఎవరన్న ప్రశ్న ఉంది. వెనక్కి తెచ్చింది ఎవరన్న ప్రశ్న లేదు. ఆ లోటు డాక్టరుగారిది. దాన్ని వాడుకున్నది నేను.

తర్వాతి రెండు ఆదివారాల్లో మరో ఇద్దరు శేఖర్ పేరే చెప్పారు. రెండుసార్లూ బసవరాజు అనే రాశాను. మొదటిసారి చెయ్యి ఆగింది. మూడోసారి ఆగలేదు.

డాక్టరుగారు బసవరాజు తండ్రిని పిలిపించి చెప్పారు. మరునాడు మధ్యాహ్నం నేను అరుగు మీద బియ్యం ఏరుతుంటే బసవరాజు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నా పేరు ఎవరు చెప్పిన్రు?"

"అది చెప్పొద్దు బసవరాజూ. నీకు ఎర్కనే గదా."

"పేర్లు చెప్పకుండ్రి. ఎంతమంది? గదొక్కటి చెప్పుండ్రి."

"ముగ్గురు."

అతను నవ్వాడు. "ముగ్గురా! రేపు నా పెండ్లికి గూడ గంతమంది రారు గదక్కా." అరుగు అంచున కూర్చున్నాడు. "నేను దుకాణం కాడికి పోయిన మాట నిజమే. ఎందుకు పోతనో మీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి గది రాయలేదా?"

"గట్ల రాసే జాగ లేదు అందుల."

కాగితం కింద సగం ఖాళీగా ఉండేది.

అతను తల ఊపాడు. "మా నాయన బీదర్‌కు తోలిస్తుండు, మామ దుకాణంకు. ఫికర్ లేదు. శేఖర్‌ను జర చూసుకోండ్రి అక్కా. ఒంటరిగ ఉంటె ఆగడు వాడు."

పిలిచేది ఎవరో అతనికి తెలుసు. తెలిసీ ఆ ఒక్క మాట నాతో అనలేదు. నేను తల ఎత్తకుండా బియ్యం ఏరుతూనే ఉన్నాను.

బసవరాజు వెళ్లాక దుకాణానికి వెళ్లేవాళ్లు పెరిగారు. డాక్టరుగారికి అర్థం కాలేదు. తన సున్నాలు, గీతలు ముందు పెట్టుకుని "ఎక్కడో పొరపాటు పడ్డాం" అనేవారు. ఎక్కడో నాకు తెలుసు. అప్పుడైనా చెప్పి ఉంటే? ఒక్క ఉత్తరంతో బసవరాజు తిరిగి వచ్చేవాడు. చెప్పలేదు. కొన్నాళ్లకు డాక్టరుగారు రావడం మానేశారు. మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం శేఖర్ దుకాణం నుంచి వస్తూ బొంబాయి రోడ్డు పక్కన పడిపోయాడు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది. వాడికి పద్దెనిమిదేళ్లు నిండలేదు. ఆ రోజు వెళ్లి పక్కన కూర్చునేవాడు లేడు.

పదకొండో రోజున బసవరాజు బీదర్ నుంచి వచ్చాడు. గడప దాటి లోపలికి రాలేదు. పిల్లల్ని చెడగొట్టినందుకే అతన్ని ఊరు దాటించారని నమ్మిన అమ్మ, అతన్ని చూసి లేచింది. "నా కొడుకును తిన్నవు గదరా! ఇంకేం మిగిలిందని వచ్చినవ్?" అంది. చుట్టాలంతా చూస్తున్నారు. అతను నా వైపు ఒకసారి చూశాడు. నేను నోరు తెరవలేదు. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

పేరు మార్చిన తప్పు కంటే ఆ నిమిషం మౌనం పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది. పేరు మార్చినప్పుడు తమ్ముణ్ణి కాపాడుతున్నాననుకున్నాను. ఆ రోజు ఎవరిని కాపాడాను? తమ్ముడు లేడు. నన్నే కాపాడుకున్నాను. అయితే మొదటి నుంచీ అంతేనా? తమ్ముడి మీద ప్రేమ ఎంత, మా ఇంటి పేరు కాగితానికి ఎక్కకూడదన్న పట్టుదల ఎంత? విడదీసి చూడాలని చాలాసార్లు ప్రయత్నించాను. రెండూ ఉన్నాయి. అంతకు మించి తేలలేదు.

పోయిన ఏడాది అమ్మ కన్నుమూసింది. చివరిదాకా బసవరాజును తిట్టుకుంటూనే ఉంది. నిజం చెబితే ఆమె కొడుకును రెండోసారి పోగొట్టుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉండవచ్చు. మిగతాదంతా నా భయం.

గత నెల బసవరాజుకు ఉత్తరం రాశాను. మూడు ఆదివారాల సంగతి, పదకొండో రోజు సంగతి, ఏదీ దాచకుండా రాశాను. క్షమించమని అడగలేదు. అడిగితే జవాబు చెప్పే భారం కూడా అతని మీదే పడుతుంది. జవాబు రాలేదు. వస్తుందని అనుకోవడం లేదు.

ఇన్నేళ్లు నేను ఏడ్చింది ఎవరి మాటకో చెడిపోయిన ఒక అమాయకుడి కోసం. అలాంటివాడు మా ఇంట్లో ఎప్పుడూ లేడు. వాణ్ణి నేను కాగితం మీద తయారుచేశాను. నా తమ్ముడు ఒంటరితనానికి భయపడి స్నేహితుల్ని వెంట పిలిచాడు, వాళ్లు నవ్వుతూ వాడి వెంట వెళ్లారు. ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి ఇంటికి వచ్చి, చెప్పులు విడవకుండానే అరుగు మీద కూర్చుని, ఆ శేఖర్ కోసం మొదటిసారి ఏడ్చాను.