బొటనవేళ్ల దగ్గరి వాసన

సెంటక్క సొంత మరిది మొహాన యాసిడ్ పోసిందని చుట్టుపక్కల అందరూ చెప్పుకుంటారు. చెల్లెల్ని వదిలేసి తనతో వచ్చెయ్యమని వెంటపడిందట, అతను ఛీ కొట్టాడట, ఆ కసితో పోసిందట. "తల ఎత్తి మాట్లాడదు కదా, ఎంత నంగనాచో చూశావా!" అని కుళాయి దగ్గర ఒకావిడ మొదలుపెడితే, "నోట్లో వేలు పెడితే కొరకదనుకున్నాం, చెయ్యే తినేసింది" అని ఇంకొకావిడ అందుకుంటుంది.

సెంటక్కది సెంట్ల కొట్లో పని. ముసలి షావుకారు వెనకగదిలో కలిపిన ప్రతి కొత్త సెంటూ ముందు ఆమె ముంజేతి మీద పడాల్సిందే. అట్టముక్క మీద చల్లి చూస్తే చాలదంటాడాయన. "అట్టకి ఒళ్లు వెచ్చబడుతుందా? చెమట పడుతుందా?" ఒక్క ఒంటి మీద చూసి కూడా ఊరుకోడు. రెండో ఒళ్లు చెల్లెలిది. ఒకే సెంటు అక్క మీద ఒకలా, చెల్లెలి మీద ఇంకోలా తిరుగుతుంది. "అసలు మీరిద్దరూ ఒక్క తల్లి పిల్లలేనా?" అని షావుకారు వేళాకోళం ఆడేవాడు.

ఆ వారం కలిపింది తెల్లపూల సెంటు. రాయగానే పచ్చి కాడ పుటుక్కున విరిచినట్టు, చన్నీళ్లు మొహాన కొట్టినట్టు ఉంటుంది. తడి ఆరాక పూలు విచ్చుకుంటాయి. ముందు నారింజ పూత, దాని వెనకే మల్లె, లిల్లీ. పూల సందడి అణిగాక మిగిలేదే అసలు వాసన. అది ఎవరి ఒంటిని బట్టి వాళ్లది. అక్క మీద అది ఉతికిన బట్టల సబ్బులా తేలింది. చెల్లెలి మీద కాచిన పాల మీగడలా, చివర రవ్వంత ఉప్పగా దిగింది. షావుకారుకి అదే నచ్చింది. చెల్లెలి మీద ఇంకోసారి చూసి ఖాయం చేద్దామన్నాడు. అప్పటిదాకా అమ్మకానికి పెట్టలేదు. పెద్ద సీసా ఒక్కటే, బిగించిన మూతతో బల్ల కింద ఉంది.

ఆ పొద్దున చెల్లెలు మెడకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. అక్క దాన్ని లాగి చూసింది. గొంతుకి రెండు పక్కలా వేళ్ల అచ్చులు, నీలంగా కమిలిపోయి.

"మళ్లీనా?"

"నిన్న ఒక కారు ఎంతకీ బాగవలేదక్కా. ఆ కోపం."

"నీ పీక పిసికితే అది స్టార్టవుతుందనుకున్నాడా?"

చెల్లెలు నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది. "ఇవాళ ఆయన సామాన్ల కోసం బయటికెళ్తాడు. ఆ సందులో బట్టలు సర్దుకుని వచ్చేస్తా. ఇంక నీ దగ్గరే ఉంటా."

అక్క ఆ నీలపు మచ్చలకి తగలకుండా, గొంతుకి అటూ ఇటూ ఆ తెల్లపూల సెంటే రాసి పంపింది. ఒంటి వేడి బాగా తెలిసేది అక్కడే.

మధ్యాహ్నమైనా చెల్లెలు రాలేదు. మరిది వచ్చాడు. కార్ల మెకానిక్కు, దుంగలాంటి మనిషి. ఒక ముంజేతి మీద తాజాగా గీరిన గాట్లు.

"వదినా, మీ చెల్లెలు ఇటేమైనా వచ్చిందా? పొద్దున నేను లేచేసరికే ఇంట్లో లేదు. ఇప్పటిదాకా దాని మొహం చూడలేదు. ఎవడితో చెక్కేసిందో ఏమో!" అంటూ రెండు చేతులూ గాజు బల్ల మీద ఆనించాడు.

గ్రీజు కంపు కింద నుంచి మీగడ వాసన వచ్చింది.

సెంటక్క తన చెయ్యి వాసన చూసుకుంది. సబ్బు. అతని కుడిచెయ్యి పట్టి ముక్కు దగ్గరికి లాక్కుంది. బొటనవేలి మొదట్లో గుప్పుమంది. ఎడమచెయ్యి లాక్కుంది. అక్కడా బొటనవేలి దగ్గరే.

"రెండు చేతులతో పట్టుకున్నావు," అంది. "దాని గొంతు. ఎక్కడుందిరా అది?"

"పిచ్చెక్కిందా?" అని చెంప మీద ఒక్కటిచ్చాడు. పెదవి చిట్లింది.

"ఎక్కడుంది?"

జుట్టు పట్టుకుని మొహాన్ని బల్లకేసి కొట్టాడు. గాజు భళ్లున పగిలింది. ఆమె బుగ్గ చీరుకుపోయింది. పగుల్లోంచి కిందకి జారిన చేతికి పెద్ద సీసా తగిలింది. ఎత్తి కణత మీద కొట్టింది. అతను వదల్లేదు. ముక్కు మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది. మూడో దెబ్బకి సీసా బద్దలై గాజుపెంకులతో సహా సెంటంతా అతని కళ్లలో పడింది. అతను కేకలు పెడుతూ పెంకుల మీదే దొర్లాడు. కొట్టంతా పచ్చి కాడల వాసన, దాంట్లో నెత్తురు. సెంటక్క అతని రొమ్ము మీద మోకాలు వేసి, విరిగిన సీసా మెడని గొంతుకి ఆనించింది. చర్మం తెగేదాకా నొక్కింది.

"చెప్పు."

"గరాజు... గుంతలో..."

జేబులోంచి తాళాలు లాక్కుని పరుగెత్తింది. పక్క కొట్టు గొడుగుల ఆయన వెంట పరుగెత్తాడు. షట్టర్ ఎత్తి చూస్తే, కార్ల అడుగున పనిచేసే గుంత మీద చెక్కలు పరిచి, వాటి మీద కారు తోసి పెట్టి ఉంది. ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. ఆమె బుగ్గ నుంచి కారుతున్న నెత్తురు డిక్కీ మీద పూసుకుపోయింది. కారు కదిలాక చెక్కల్ని తన్ని పక్కకి నెట్టింది.

"నువ్వు చూడలేవమ్మా, నేను దిగుతా," అన్నాడు గొడుగుల ఆయన.

"తప్పుకో బాబాయ్!" అని దూకేసింది.

మరిదికి ఒక కన్ను పోయింది. యాసిడ్ కథ అక్కడ పుట్టింది. వలపు, కసి, ఛీ కొట్టడం తర్వాత ఎవరికి తోచింది వాళ్లు తగిలించారు. కుళాయి దగ్గర ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా గుంత సంగతి ఎవరూ ఎత్తరు.

గుంతలోంచి పైకి తీసేసరికి చెల్లెలు ఊపిరి పీలుస్తోంది.